ఒకే కారుకు ముగ్గురి గాలి

వాహనాల మరమ్మతు పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, నా ఉద్యోగ కాలంలో అన్నిటికన్నా కష్టపెట్టిన రిపేరు ఏదని అడుగుతుంటారు. ఏ టిప్పరు గేర్‌బాక్సు సంగతో, వరదలో మునిగిన ఏ ఇంజను కథో చెబుతానని వాళ్ళు ఎదురుచూస్తారు. నేను మాత్రం గాలి అని చెబుతాను. పెద్దవాడినని మర్యాదకు నవ్వి ఊరుకుంటారు. అలా నవ్వి వెళ్ళిపోయినవారి కోసమే ఇది రాస్తున్నాను.

చంద్రపూర్‌లో లాల్‌పేట్ బొగ్గు గని దగ్గర, బొగ్గు రవాణా చేసే ఒక కాంట్రాక్టరు గ్యారేజీకి నేను ఇన్‌ఛార్జిగా ఉండేవాడిని. మోకాళ్ళు మొరాయించడంతో గడువుకన్నా కొంచెం ముందుగానే, కిందటేడు ఉద్యోగం విరమించుకున్నాను. ప్రతి సాయంత్రం ఆనాటి లెక్కలన్నీ డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. ఏ బండికి ఎంత డీజిలు పోశారు, ఏ టైరు ఎక్కడ పగిలింది, వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, అన్నీ అందులో ఉంటాయి. మా ఆవిడ ఈ అలవాటును నా మోకాళ్ళ నొప్పితో కలిపి ఒకే జబ్బుగా లెక్కిస్తుంది.

మా యజమానిది తెలుగు వ్యాపారుల కుటుంబం. ఆయన తండ్రి ఇక్కడికి వచ్చి కిరాణా దుకాణం పెట్టి, తరవాత ఒక లారీ, ఆపైన పది లారీలు కొన్నారు. ఆయన పెద్ద సేఠ్, ఈయన చిన్న సేఠ్. పెద్ద సేఠ్ కాలం చేసి ఎన్నో ఏళ్ళయింది, ఈయనకూ యాభై దాటింది, అయినా గ్యారేజీలో అందరికీ ఆయన చిన్న సేఠే.

ఆయన నాగ్‌పూర్‌లో ఒక నల్లటి పెద్ద విదేశీ కారు కొన్నారు. సెకండ్ హ్యాండుదే అయినా అద్దంలా మెరిసేది. తెచ్చిన రోజే డిక్కీ తెరిచి చూసి, నన్ను కేక వేసి పిలిచారు.

"సార్, మనల్ని మోసం జేసిండ్రు. స్టెప్నీ లేదు, జాకీ లేదు. డిక్కీల కార్పెట్ తప్ప ఏం లేదు!"

మోసం కాదని వివరించాను. ఆ కారుకు ఉన్నవి రన్‌ఫ్లాట్ టైర్లు. వాటి పక్కగోడలు చాలా మందంగా, బిరుసుగా ఉంటాయి. పంచరై గాలి మొత్తం పోయినా, ఆ గోడల బలంతోనే కారు కొంత దూరం నడుస్తుంది. అందుకే కంపెనీవాళ్ళు స్టెప్నీ ఇవ్వరు. చిన్న సేఠ్ విని ఎంతో సంతోషించారు. గాలి లేకపోయినా నడిచే బండి తన దగ్గర ఉందని ఆ వారమంతా ఊరందరికీ చెప్పారు.

ఆ సంతోషం ఆయన తల్లిగారి నడుము దగ్గర ఆగిపోయింది. ఆమెను మేమందరం అమ్మ అనేవాళ్ళం. డెబ్బై దాటిన మనిషి. ఎదుటివారిలో ఎవరినీ వదలని నోరు, ఏ కుర్చీలోనూ కుదురుకోని నడుము. ఆ నడుముకు కరెంటు పెట్టించుకోవడానికి రోజూ పొద్దున బల్లార్‌పూర్ ఆసుపత్రికి వెళ్ళేవారు. అక్కడ పని కాగానే కారు ఆమెనూ, అన్నం క్యారియరునూ తీసుకొని సాస్తిలో ఉన్న మా సైటు ఆఫీసుకు చేరేది. పొద్దున్నే జీపులో సైటుకు వెళ్ళిన చిన్న సేఠ్, సాయంత్రం తల్లితో కలిసి కారులో ఇంటికి వచ్చేవారు. బొగ్గు లారీలు తిరిగి తిరిగి తవ్విన ఆ రోడ్డు మీద, బిరుసు గోడల టైర్లు ప్రతి గుంతనూ భద్రంగా తెచ్చి నేరుగా సీటుకు అప్పగించేవి. బల్లార్‌పూర్‌లో పొద్దున బాగుచేసి పంపిన నడుమును కారు సాయంత్రానికల్లా మళ్ళీ మొదటికి తెచ్చేది.

"ఇది కారా, రోకలా?" అని అమ్మ ఒకనాడు దిగుతూనే అడిగారు. "కూసున్నోళ్ళను దంచుడే దీని పనా?"

మామూలు టైర్లు వేయిద్దామని సలహా ఇచ్చినవాడిని నేనే. వేయించాము. మామూలు టైర్లకు స్టెప్నీ తప్పదు కనుక అదీ కొని, చోటు లేని డిక్కీలో అడ్డంగా పడుకోబెట్టాము. క్యారియరు, వేడినీళ్ళ సంచి, దిండ్లు అన్నీ దాని మీదికి ఎక్కాయి. "నేను దవాఖానకు పోతే నాతోని టైరెందుకొస్తది?" అని అమ్మ కొన్నాళ్ళు గొణిగారు కానీ, నడుము మాత్రం వెంటనే మెచ్చుకుంది. ఒక వారం అందరం సుఖంగా ఉన్నాము.

ఆ తరవాత కారు ఊగడం మొదలుపెట్టింది.

సాయంత్రం సాస్తి నుంచి వచ్చేటప్పుడు వార్ధా వంతెన మీద ఒక పక్కకు లాగుతోందని, మలుపుల్లో తేలిపోతున్నట్టుందని చిన్న సేఠ్ చెప్పారు. నేను చక్రాల అలైన్‌మెంటు చేయించాను, బ్యాలెన్సింగు చేయించాను, స్టీరింగు రాడ్లు విప్పించి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గాలి సంగతి అడగనే అక్కరలేదు. రోజూ సాయంత్రం కారు గ్యారేజీకి చేరగానే నేనే స్వయంగా మీటరు పెట్టి చూసేవాడిని. ఎక్కువ ఉంటే తీసి, తక్కువ ఉంటే పట్టించి, నాలుగింటికీ సరిగ్గా ముప్పై రెండు పౌండ్లు ఉంచేవాడిని. సరిచేయక ముందు ఏ చక్రంలో ఎంత ఉందో మాత్రం పట్టించుకునేవాడిని కాదు. నాలుగు ముప్పై రెండ్లనూ డైరీలో వరసగా రాసి, కింద గీత గీసి, మొత్తం నూట ఇరవై ఎనిమిది అని వేసేవాడిని. నాలుగు టైర్ల గాలిని కలిపి కూడితే ఎవరికి ఏమి ప్రయోజనమో నాకు ఇప్పటికీ తెలియదు.

అసలు మెత్తటి గోడల టైర్లకు ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ పెట్టి చూడడం మంచిదని నాకు తెలుసు. బిరుసు టైర్లకు అలవాటుపడిన చేతికి కొత్త టైరు మొదట కొంచెం బద్ధకంగా తోస్తుందనీ తెలుసు. కానీ కారు తలుపు మీది స్టిక్కరులో ముప్పై రెండు అని అచ్చువేసి ఉంది. అచ్చులో ఉన్నదాన్ని కాదనడం నా స్వభావంలో లేదు.

టైర్లలో తప్పు లేదు, స్టీరింగులో తప్పు లేదు అంటే మిగిలింది డ్రైవరు.

డ్రైవరును అందరూ కాకా అనేవారు. పెద్ద సేఠ్ కాలం నుంచి ఆ ఇంటి బండి ఆయనే నడిపాడు. చిన్న సేఠ్‌ను జీపులో కూర్చోబెట్టుకొని బడికి తీసుకుపోయినవాడు. ఇప్పుడు కళ్ళద్దాలు వచ్చాయి, మీసం తెల్లబడింది. చిన్న సేఠ్ ఒకనాడు నన్ను ఆఫీసులోకి పిలిచి తలుపు దగ్గరికి వేయించారు.

"సార్, కాకా చేతులు వణుకుతున్నయి. అంటే బాధపడుతడు. సాస్తిల కాంటా కాడ కూసోబెడదాం. లారీ తూకమైతది, చిట్టీ చింపి ఇస్తడు, గంతే. ఒక మంచి కుర్చీ కొనుండ్రి. మెత్తగ ఉండాలె."

మెత్తగా ఉండాలనడంలో ఆయన ప్రేమ ఉంది. కాంటా అనడంలో తీర్పు ఉంది.

కుర్చీ వచ్చింది. ఎర్ర దిండు కుట్టిన ఇనుప మడత కుర్చీ. పైన కప్పిన ప్లాస్టిక్ కవరును ఎవరూ తీయలేదు. కాకా దాని చుట్టూ ఒకసారి తిరిగి, దిండును బొటనవేలితో నొక్కి చూశాడు.

"గాలి మంచిగనే ఉన్నది," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"సార్, గా కుర్చీల కూసుంటే నా ముంగట నుంచి ఊళ్ళె ఉన్న బండ్లన్ని పోతయి. నేను మాత్రం ఎటూ పోను. నా చేతులల్ల వణుకు మీకు కనబడ్డదా? చెప్పుండ్రి."

చేతులు ముందుకు చాపాడు. వణకడం లేదు. అయినా అది చాలదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అన్నీ పరీక్షించినవాడిగా నేను కూడా లోలోపల చిన్న సేఠ్ మాటే నిజమేమో అనుకుంటున్నాను. పైకి అనలేదు. డైరీలో కూడా రాయలేదు.

కాకా వెళ్ళి అమ్మకు మొరపెట్టుకున్నాడు. అమ్మ కొడుకుతో మాట్లాడారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వచ్చే ఆదివారం అందరం ఆ కారులోనే సాస్తి వెళ్ళి రావాలి. చిన్న సేఠ్ ముందు సీటులో కూర్చొని స్వయంగా చూస్తారు. కారు ఊగితే కుర్చీని సాస్తి కాంటా దగ్గర దించి రావాలి. మరునాటి నుంచి కాకా అందులో కూర్చోవాలి. ఊగకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

మామూలుగా నేను గ్యారేజీకి తొమ్మిదికి వెళ్ళేవాడిని. కారు అంతకు ముందే బయలుదేరిపోయేది. ఆ ఆదివారం మాత్రం నిద్ర పట్టక తెల్లవారుతూనే వెళ్ళాను. ఆవరణలో మా టైరు మేస్త్రి ఒక్కడే ఉన్నాడు, చేతిలో ఇనుప రాడ్డుతో.

ఆ రాడ్డు గురించి కొంచెం చెప్పాలి. మా టిప్పర్లకు ఒక్కోదానికి పది చక్రాలు. పొద్దున బయలుదేరే ముందు అన్నిటికీ మీటరు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. మేస్త్రి ఒక్కో టైరునూ రాడ్డుతో కొట్టి చప్పుడు వింటాడు. ఖణ్ అంటే గాలి సరిగ్గా ఉన్నట్టు. బొద్ అంటే తగ్గినట్టు. బొగ్గు బండ్ల లోకంలో ఇది అందరూ చేసే పనే. మా మేస్త్రి చెవికి గురి ఎక్కువ, అందుకు నేనే ఎన్నోసార్లు మెచ్చుకున్నాను.

నేను చూస్తుండగానే ఆయన నల్లకారు దగ్గరికి వెళ్ళి ముందు టైరును ఒక్కటి కొట్టాడు. బొద్ అంది. నాలుక చప్పరించి కంప్రెసరు పైపు లాక్కొచ్చాడు.

"మేస్త్రీ! కారుకు గాలి పడుతున్నవా?"

"దినాం నేనే పడుత కదా సార్," అన్నాడు, అదేదో నాకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతిలాగా. "దినాం పొద్దుగాల బొద్ అంటది. రాత్రి ఎవడో గాలి తీస్తుండు."

"ఎంత పడుతున్నవ్?"

"ఆవాజ్ వచ్చేదాక."

"ఎన్ని పౌండ్లు అని అడుగుతున్న."

"ఆవాజ్‌కు పౌండ్లు ఉంటయా సార్?" అని జాలిగా చూశాడు. "పాత టైర్లు ఎంత మంచిగుండె! ఎప్పుడు కొట్టినా ఖణ్ ఖణ్. ఇవి మొద్దు టైర్లు. ఎంత పట్టినా సరిగ మాట్లాడయి."

పాత టైర్లు ఖణ్ అన్నది గాలి వల్ల కాదు, గోడ బిరుసు వల్ల. లోపల గాలి ఉన్నా లేకపోయినా అవి అదే మాట చెప్పేవి. కొత్త టైర్ల గోడ మెత్తన. వాటి చేత ఖణ్ అనిపించాలంటే టిప్పరుకు పట్టినట్టు పట్టాలి. నేను మీటరు పెట్టి చూసేలోపు మేస్త్రి నాలుగూ పూర్తిచేశాడు. ఒక్కోదానిలో నలభై ఆరు ఉంది.

తీసేద్దామని వంగేసరికి చిన్న సేఠ్, అమ్మ, కాకా ముగ్గురూ వచ్చేశారు.

"ఇప్పుడేం ముట్టుకోకుండ్రి సార్," అన్నారు చిన్న సేఠ్. "దినాం ఎట్ల పోతదో గట్లనే పోవాలె. లేకుంటే పరీక్ష ఏంది?"

"సేఠ్, గాలి..."

"నిన్న సాయంత్రం మీరే పెట్టిండ్రు కదా?"

"పెట్టిన."

"మరింకేంది? చలో."

డిక్కీలో స్టెప్నీ ఉంది కనుక కుర్చీకి వెనక సీటులోనే చోటు దొరికింది. మడిచి నిలబెట్టిన కుర్చీ మధ్యలో, దానికి అటు అమ్మ, ఇటు నేను. కాకా అద్దం సర్దుకుంటూ తన వెనకే కూర్చున్న ఆ కుర్చీని ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

రోడ్డెక్కగానే కారు బంతిలా ఎగరడం మొదలుపెట్టింది. చిన్న గులకరాయి తగిలినా లేచి పడుతోంది. పడినప్పుడల్లా కుర్చీ ప్లాస్టిక్ కవరు గరగరమంటోంది.

"మళ్ళ రోకలైంది," అన్నారు అమ్మ.

చిన్న సేఠ్ కాకా చేతులనే చూస్తున్నారు. బల్లార్‌పూర్ ఇంకా రాకముందు రోడ్డు పక్కన ఒక చాయ్ బండి ఉంది. కాకా రోజూ అక్కడ ఆపుతాడట, ఆ రోజూ ఆపాడు. అందరం చాయ్ తాగాము. గ్లాసులు తిరిగి ఇచ్చేసినా కాకా కారు ఎక్కకుండా, చక్రాల వైపు చూస్తూ, దువ్వెన లేని జేబులో దువ్వెన కోసం వెతుకుతున్నట్టు తడుముకుంటున్నాడు.

అమ్మ అద్దం దించి అడిగారు. "ఏం కాకా, ఇయ్యాల పిండవా?"

"ఏంది పిండుడు?" అన్నారు చిన్న సేఠ్.

"గాలి రా! దినాం ఈడ ఆపి, నాలుగు చక్రాల కాడ కూసుని, బర్రెకు పాలు పిండినట్టు పిండుతడు. సుయ్యిమంటది. నేను చాయ్ తాగుకుంట చూస్త."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"గది గూడ డూటీల ఉన్నదే అనుకున్న."

కాకా తల వంచుకున్నాడు. "చిన్న సేఠ్, పొద్దుగాల గ్యారేజ్ నుంచి తీసేటాళ్ళకు బండి ఎగురుతనే ఉంటది. అమ్మ నడుము నాకు తెల్వదా? అందుకే జర తీస్త. సార్ సాయంత్రం ఎక్కువ పెడుతుండు అనుకున్న. పెద్దమనిషిని ఎట్ల అడుగుత?"

"నేనా? నేను పెట్టేది ముప్పై రెండు!"

"నాకేం తెలుసు సార్. ఎగురుతది కదా."

"ఎంత తీస్తవ్ కాకా?" అని చిన్న సేఠ్ నిలదీశారు.

"ఒక్కోదానికి ఇరవై లెక్కబెట్టేదాక."

"మీటరుతోనా?"

"అగ్గిపుల్లతోని."

చిన్న సేఠ్ చేతులు కట్టుకొని నిలబడ్డారు. "దినాం ఎట్ల పిండుతవో గట్లనే పిండు. చూస్త."

కాకా అగ్గిపుల్ల తీసి ఒక్కో చక్రం దగ్గరా గొంతుక్కూర్చొని, వాల్వు నొక్కి పట్టుకొని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. మొదటిది అయింది, రెండోది అయింది. మూడోది ముందు ఎడమ చక్రం. పన్నెండు దగ్గర ఉండగా జేబులో ఫోను మోగింది. కాకా అగ్గిపుల్ల వదలకుండానే రెండో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆ... చెప్పు... వంకాయలా? తెల్లయా, నల్లయా?... మొన్న తెల్లయి తెస్తె పుచ్చులన్నవ్ కదా... సరే, సరే."

ఫోను జేబులో పెట్టి, ఎక్కడిదాకా లెక్కపెట్టాడో మరిచిపోయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. గాలి సుయ్యిమంటూనే ఉంది.

"కాకా," అన్నాను, "ఇంటి నుంచి దినాం గిప్పుడే ఫోన్ వస్తదా?"

"ఇప్పుడే కదా సార్ కూరగాయల బండి మా గల్లీకి వచ్చేది."

నాలుగోదీ అయ్యాక మీటరు పెట్టి చూశాను. మూడు చక్రాల్లో ముప్పై మూడుకు అటూ ఇటూగా ఉంది. వంకాయల చక్రంలో ఇరవై మూడే ఉంది. ముందు ఎడమ చక్రంలో అంత తగ్గితే ఏ కారైనా ఎడమకు లాగుతుంది. ఎవరు నడిపినా లాగుతుంది. ఆ మాటే చిన్న సేఠ్‌కు చెప్పాను.

ఆయన నమ్మలేదు. "గాలి సంగతి వేరే, చేతి సంగతి వేరే. జరుగు కాకా, నేను నడుపుత."

కాకా పక్క సీటులోకి జరిగాడు. చిన్న సేఠ్ సీటు సర్దుకొని, అద్దం సర్దుకొని, వేగం అందుకున్నారు. బల్లార్‌పూర్ దాటి కొంత దూరం పోయాక ముందు బొగ్గు లారీ అడ్డం వచ్చింది. ఆయన బ్రేకు వేయగానే కారు ఎడమకు గుంజుకుపోయింది. పక్క మట్టిలోకి దిగి, అక్కడ మేస్తున్న బర్రెల మందకు మూరెడు దూరంలో ఆగింది. మందలోని ఒక ముసలి బర్రె తల ఎత్తి, కారులో ఉన్న మా అందరినీ తీరిగ్గా చూసింది.

"స్టీరింగు గుంజుతుంది!" అని అరిచారు చిన్న సేఠ్. ఆయన చేతులు రెండూ వణుకుతున్నాయి.

అమ్మ కుర్చీ మీదుగా ముందుకు వంగారు. "కాంటా కాడ ఇంకో కుర్చీ ఏపియ్యి కొడుకా. కాకా పక్కపొంటి నువ్వు గూడ కూసుందువు."

కాకా కిటికీ బయటికి తిరిగాడు. నవ్వు ఆపుకోలేక ఆయన భుజాలు చాలాసేపు కదిలాయి.

ఇక నా వంతు వచ్చింది. సాస్తి చేరగానే సైటులోని కంప్రెసరు దగ్గర కారు ఆపించి, నాలుగు చక్రాలకూ మీటరు పెట్టి, సరిగ్గా ముప్పై రెండు చేశాను. గాలి అనేది రాడ్డుతో వినేది కాదని, అగ్గిపుల్లతో లెక్కపెట్టేది అంతకన్నా కాదని, కొలత అనేది ఒకటి ఉన్నదని, అక్కడున్న నలుగురికీ వినబడేలా చెప్పాను. చిన్న సేఠ్ తల ఊపారు. "సార్ పెట్టిండంటే పెట్టినట్టే." ఆ మాట నాకు నచ్చింది. సాయంత్రం డైరీలో రాసుకోవాలని కూడా అనుకున్నాను.

కారును షెడ్డు నీడలో పెట్టి భోజనాలు చేశాము. చిన్న సేఠ్ ఆఫీసు బల్ల మీద కునుకు తీశారు. ఎండ వాలుతుండగా బయలుదేరబోతే, అమ్మ అడ్డం వచ్చారు.

"ఇంకోపారి చూడుండ్రి సార్. ఇందాకటి నుంచి ఇంతమంది తిరిగిండ్రు. ఎవలన్న పిండిండ్రేమో."

"ఎవరు పిండుతరమ్మా?" అంటూ నవ్వి మీటరు పెట్టాను.

ఇరవై తొమ్మిది. రెండోదీ ఇరవై తొమ్మిదే. నాలుగూ అంతే.

కాకా చాయ్ దుకాణం నుంచి అప్పుడే వచ్చాడు. మేస్త్రి లాల్‌పేట్‌లో ఉన్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. నేను చక్రం పక్కనే కూర్చుండిపోయాను. మోకాళ్ళ వల్ల కాదు.

మండుటెండలో నడిచి వచ్చిన టైరు వేడెక్కి, లోపలి గాలి ఉబ్బి, మీటరు ఎక్కువ చూపిస్తుంది. నీడన చల్లారితే దిగుతుంది. అందుకే కొలిస్తే చల్లటి టైరునే కొలవాలి. ఈ పాఠం నేను ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్కలేదు. అదే నేను, రోజూ సాయంత్రం సాస్తి రోడ్డు నుంచి కాలుతూ వచ్చిన టైర్లకు మీటరు పెట్టి, ఎక్కువ కనిపించిన గాలిని తీసేసి, ముప్పై రెండు అని రాసుకున్నాను. తెల్లవారేసరికి అవి ఇరవై ఏడుకు దిగేవి. మేస్త్రి రాడ్డుకు బొద్ అనేవి. మేస్త్రి ఖణ్ అనేదాకా పట్టేవాడు. కారు ఎగిరేది. కాకా వంకాయల దాకా తీసేవాడు. కారు లాగేది. సాయంత్రం నేను మళ్ళీ సరిచేసేవాడిని. రాత్రి గాలి తీసిన దొంగ కోసం మేస్త్రి వెతుకుతున్నాడు, ఎక్కువ గాలి పట్టిన పెద్దమనిషి నేనని కాకా నమ్ముతున్నాడు, నేనేమో కాకా చేతులను అనుమానిస్తున్నాను. ముగ్గురమూ ఎంతో శ్రద్ధగా, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకే కారును పాడుచేస్తున్నాము.

లేచి ఇదంతా చిన్న సేఠ్‌కు వరసగా చెప్పాను. చెబుతున్నంతసేపూ కారు స్టిక్కరునే చూశాను. ఆయన విని, తల్లి వైపు చూశారు.

"అయితే మూడు కుర్చీలు," అన్నారు అమ్మ. ఒక్క క్షణం ఆలోచించి, "మేస్త్రితోని నాలుగు," అని సవరించారు.

"కాంటా కాడ గంత జాగ లేదమ్మా," అన్నారు చిన్న సేఠ్, అలసిపోయిన గొంతుతో.

టైర్లు చల్లబడ్డాయి కనుక నాలుగింటికీ ముప్పై నాలుగు పట్టించాను. మెత్తటి గోడకు ఆ రెండు పౌండ్లు ఆసరా. స్టిక్కరు వైపు చూడలేదు. కాకా స్టీరింగు ముందు కూర్చొని, కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకొని బయలుదేరాడు.

గుంతలు వచ్చాయి, కారు వాటిని మింగింది. లారీలు వచ్చాయి, పక్క నుంచి పోయాయి. వంతెన ఎక్కేటప్పుడు చిన్న సేఠ్ డాష్‌బోర్డు మీద అరచేయి ఆనించి పట్టుకున్నారు. దిగేదాకా ఎవరమూ మాట్లాడలేదు. కుర్చీ కవరు కూడా గరగరమనలేదు. కారు గీత గీసినట్టు నడిచింది. అమ్మ నిద్రపోయారు. నడుము జబ్బు వచ్చినప్పటి నుంచి ఆమె కారులో నిద్రపోవడం అదే మొదటిసారి.

గ్యారేజీ ముందు ఆగాక చిన్న సేఠ్ తలుపు తీస్తూ అన్నారు. "కాకా, రేపు ఎనిమిదిన్నరకే రా."

"ఎనిమిదిన్నరకే ఎప్పుడు రాలేదు చిన్న సేఠ్?"

తీర్పు మార్చుకోవడం ఆయనకు అంతకన్నా బాగా చేతకాదు. దాన్ని స్వీకరించడం కాకాకూ అంతకన్నా చేతకాదు. కానీ ఇంజను ఆపాక కాకా వెంటనే దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద అలాగే ఉంచుకొని కొంతసేపు కూర్చున్నాడు.

కుర్చీని సాస్తిలో దించడం అందరమూ మరిచిపోయాము. మరిచిపోయామనే అందరమూ చెప్పుకున్నాము.

మరునాడు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా, నాలుగు చక్రాలకూ ముప్పై నాలుగు ఉందని అందరి ముందూ చూపించాను. అమ్మ నాలుగు వాల్వు మూతలకూ పసుపు దారం చుట్టి ముడివేశారు. ముడి విప్పాలంటే ముందు ఆమెకు చెప్పాలి, మిగిలిన ఇద్దరినీ పిలవాలి. అదే నియమం. చల్లటి టైరును కొలవడానికి నేను వారానికి ఒకరోజు పెందలాడే వెళ్ళడం మొదలుపెట్టాను. మేస్త్రి మాత్రం రోజూ పొద్దున ఆ కారును రాడ్డుతో ఒక్కసారి మెల్లగా తట్టేవాడు. అడిగితే, "కొట్టుడే సార్, పట్టుడు లేదు. కొట్టకుంటె మనసున పట్టదు," అన్నాడు. కాకా చాయ్ బండి దగ్గర ఆగేవాడు, వంకాయల ఫోను రెండు చేతులతో పట్టుకొని మాట్లాడేవాడు. నన్ను చూసినప్పుడల్లా ఏదో ఒక చక్రం వైపు వేలు చూపి, "ముట్టలే సార్," అనేవాడు.

పిల్లలూ, గాలి కష్టమైన రిపేరు అన్నది ఇందుకే. ఇంజను పాడైతే అందరూ ఒకచోట చేరి చూస్తారు. గాలిని మాత్రం ఎవరికి వారే, మంచి మనసుతో, పక్కవాడికి చెప్పకుండా సరిచేస్తారు.

నేను ఉద్యోగం విరమించిన రోజున శాలువా, పూలదండ అయ్యాక కాకా నన్ను ఆ నల్లకారులోనే ఇంటికి దించాడు. వెనక సీటులో ఎర్ర దిండు కుర్చీ ఉంది. "చిన్న సేఠ్ ఇమ్మన్నడు సార్. దీనికి పోస్టింగ్ రాలే. మీకే రాసిపెట్టి ఉన్నది," అన్నాడు. వరండాలో దించి, దిండును బొటనవేలితో మళ్ళీ ఒకసారి నొక్కి చూసి వెళ్ళాడు.

ఇది ఆ కుర్చీలో కూర్చొనే రాస్తున్నాను. దీనికి ముందు కాలు ఒకటి కొంచెం పొట్టి. కింద కాగితం మడిచి పెట్టాను, ఊగడం ఆగింది. మరునాటికి మళ్ళీ ఊగింది, ఈసారి ఇంకో పక్కకు. మళ్ళీ మడిచి పెట్టాను, మళ్ళీ ఊగింది. నేల వాలుగా ఉందేమోనని రసమట్టం పెట్టి చూశాను, లేదు. కాళ్ళు నాలుగూ టేపుతో కొలిచి డైరీలో రాసి, మొత్తం కూడా వేశాను. చివరికి ఈ రోజు పొద్దున మా ఆవిడను అడిగాను.

"ఊగుతుంది కదా అని వెనుక కాలు కింద అట్టముక్క నేనే పెడుతున్న," అంది, వరండా ఊడ్చుకుంటూనే. "మీ కాగితం చెత్త అనుకొని దినాం పారేస్తున్న. ఏమైంది?"

ఏమీ కాలేదన్నాను. ఇంట్లో పసుపు దారం ఎక్కడుందని అడిగాను.